రెండు ముడుల సీసా

ఆమె కొడుకు మా గేటు తీసుకుని లోపలికి వస్తుంటే నాకు మొదట కలిగింది అనుమానమే. నిజామాబాద్‌లో నా ఇల్లు ఇతనికి ఎవరు చూపించారు? ఇన్నేళ్ల తర్వాత నాతో ఏం పని పడింది? అరవై దాటిన మనిషి. చేతిలో సంచీ కూడా లేదు. బోధన్ బస్సు దిగి తిన్నగా ఇటే వచ్చినట్టున్నాడు. వరండాలో కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"అవ్వ పోయింది సారు. నాలుగొద్దులాయె" అన్నాడు.

మా ఆవిడ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఇలాంటప్పుడు అనాల్సిన మాటలేవో నేనన్నాను. ఎనభై దాటాయని చెప్పాడు. రెండు రోజులు జ్వరం, మూడో రోజు తెల్లారేసరికి లేదన్నాడు. నేను తలూపుతూనే ఉన్నాను గానీ నా బుర్ర వేరేచోట తిరుగుతోంది. నలభై ఏళ్ల కిందట ఒక చెరకు ఫారంలో ఆమే నేనూ ఐదేళ్లు కలిసి పనిచేశాం, అంతే. చుట్టరికం లేదు, ఒక ఊరు కాదు. ఆ మాత్రానికి చావు కబురు చెప్పడానికి పనిగట్టుకుని ఎవరైనా వస్తారా? ఇతనికి ఏదో తెలుసు, అది తేల్చుకోవడానికే వచ్చాడు అనుకున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం ఎక్కువే. మా బాపు అనేవాడు, "వీడు పాలల్ల నీళ్లు సూసుడు గాదు, నీళ్లల్ల పాలెందుకున్నయని అడుగుతడు" అని. అలాంటి నేను కూడా ఆమె ముందు దిగదుడుపే.

ఆ ఫారం బోధన్ ఊరి బయట, కాలువ నీళ్లు పారే నల్లరేగడిలో ఉండేది. చుట్టూ చెరకు. ఫ్యాక్టరీ నడిచే నెలల్లో గాలంతా తియ్యగా, కొంచెం పులిసినట్టుగా వాసన. చెరకు నేలను పిండేస్తుంది. మధ్యలో ఒక పప్పుజాతి పంట వేస్తే నేల తేరుకుంటుందా అని చూడటం మా ఫారం పనుల్లో ఒకటి. పప్పుజాతి మొక్కల వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. వాటిలో కంటికి కనబడని జీవులు కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడతాయి. ఆమె పని ఆ వేళ్లను కడగడం, బుడిపెలు లెక్కపెట్టడం, వాటిని తెంపి సీసాల్లో వేయడం, ల్యాబులో గాజు సామాను ఉడకబెట్టడం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాదే రోజుకూలీగా చేరిందట. నేను జక్రాన్‌పల్లి నుంచి ఫీల్డు అసిస్టెంటుగా వచ్చేసరికి పదేళ్లు దాటాయి. అప్పటికీ రోజుకూలీయే. అందరూ బుడిపెలక్క అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు.

మనిషి పొట్టి. మెడలో ఎప్పుడూ ఒక సుతిలి తాడు వేలాడుతుండేది, సీసాలకు కట్టడానికి. ఎడమచేతి బొటనవేలి గోరు ఒక్కటి పొడుగ్గా పెంచుకుంది. బుడిపెను ఆ గోటితో రెండు చెక్కలు చేసి లోపలి రంగు చూసేది. ఎర్రగా ఉంటే బుడిపె పనిచేస్తున్నట్టు, తెల్లగా ఉంటే వట్టిదన్నట్టు. ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. ఆమె పుస్తకం చూసిన మనిషి కాదు.

"ఎర్రగుంటె కమాయించెటోడు. తెల్లగుంటె కూసొని తినెటోడు. మనుషులల్ల గిట్ల గిల్లి సూడరాదు, గదే కష్టం" అనేది.

ఎవరి చేతి నుంచీ ఏదీ అందుకునేది కాదు. సీసా ఇవ్వబోతే "గాడ పెట్టు" అనేది. మనం పెట్టి, చేయి వెనక్కి తీసుకున్నాక, అప్పుడు తీసేది. మూత విప్పి వాసన చూసేది. నీళ్లు మసిలాయని ఎవరు చెప్పినా నమ్మక పొయ్యి దగ్గరికి వచ్చి స్వయంగా చూసి పోయేది. బోధన్ బస్సు ఎన్నింటికని గేటు దగ్గర చౌకీదారును అడిగి, లోపలికి వచ్చి మళ్లీ నన్ను అడిగేది. ఇద్దరి మాటా కలిస్తే బయల్దేరేది, కలవకపోతే నడిచే పోయేది. మహారాష్ట్ర సరిహద్దు వైపు ఊరు ఆమెది. ఏది చెప్పినా "ఖరే?" అనేది, నిజమేనా అని. పెద్ద సారు చెప్పినా అంతే. పెద్ద సారు అంటే మా ఫారం అధికారి, కోస్తా నుంచి వచ్చినాయన. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఎవరినీ ఏకవచనంలో పిలవని మర్యాద. ఆయన మొదట్లో ఆ మాటకు నొచ్చుకునేవాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

అరవైల చివర్లో మా ఫారానికి సోయాచిక్కుడు వచ్చింది. ఈ నేల ఎరగని పంట. దాని వేళ్లలో ఉండే జీవి మన మట్టిలో లేదు కాబట్టి, విత్తనంతో పాటు దాన్ని కూడా బయటి నుంచి తెప్పించారు. నల్లటి పొడి, పొట్లాలు కట్టి రైలు పార్సిల్లో వచ్చింది. కల్చరు అనేవాళ్లం. బెల్లం పాకంలో ఆ పొడి కలిపి, విత్తనాలకు పట్టించి, నీడన ఆరబెట్టి విత్తాలి.

ఆమె పొట్లం వాసన చూసింది. "గిది బొగ్గుపొడి గాదని ఏం నమ్మకం?" అంది.

పెద్ద సారు నవ్వి, అందులో కోట్ల కొద్దీ ప్రాణులున్నాయమ్మా అన్నాడు. ఆమె నవ్వలేదు. నెలన్నర తర్వాత ఒకరోజు పొద్దున్నే వచ్చి, "మా ఇంట్ల రెండు మట్టి గురుగులల్ల ఏసి సూసిన. ఒకదాంట్ల పొడి ఏసిన, ఒకదాంట్ల ఎయ్యలే. ఏసిన దానికే బుడిపెలొచ్చినయి. ఖరేనే" అని చెప్పి తన తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. గుప్పెడు విత్తనాలు, చిటికెడు కల్చరు ఎప్పుడు కొంగున కట్టుకుపోయిందో మాకెవరికీ తెలియదు. దొంగతనమే గానీ పెద్ద సారు కూడా ఏమీ అనలేకపోయాడు.

ఫారంలో మూడు మడులు వేశాం. ఒకటి కల్చరు పట్టించిన సోయా. రెండోది సాదా సోయా, కల్చరు లేకుండా. మూడోది ఎప్పటి నుంచో చెరకుకు పచ్చిరొట్టగా వేసే మన జీలుగ. సీసాల గుర్తుకు అక్షరాలు కాకుండా ఆమె ముడులు వాడేది. కల్చరు మడికి సుతిలిలో ఒక ముడి, సాదా మడికి రెండు, జీలుగకు మూడు. చీటీలు నీళ్లకు తడిసి చెదిరిపోతాయి, ముడి చెదరదు అనేది. పెద్ద సారుకు అది నచ్చకపోయినా పని సాగుతోందని ఊరుకున్నాడు.

సాదా మడిని ఆమె కాపలా కాసిన తీరు చూస్తే నవ్వొచ్చేది. ఆ మడి ముందు విత్తాకే కల్చరు మడిలో అడుగు పెట్టాలి. కూలి ఆడవాళ్లు పాకం అంటిన వేళ్లు నాకుతుంటే తిట్టిపోసేది. కలుపుకు వచ్చినప్పుడు అందరి చేతులూ బూడిదతో కడిగించి, కొడవళ్లు కూడా కడిగించేది. ఒకసారి పెద్ద సారే కల్చరు మడి నుంచి సాదా మడిలోకి అడుగు వేయబోతే, చేయి అడ్డం పెట్టింది.

"ఏమ్మా, నేను కూడానా?" అన్నాడాయన.

"నీ చెప్పులకు మట్టి అంటదా సారు?" అంది.

ఆయన గట్టు మీదుగా చుట్టూ తిరిగి పోయాడు. నేను చెరకు చాటున నిలబడి నవ్వుకున్నాను. ఆమె నన్ను కూడా చూసింది.

"నవ్వకు బిడ్డా. మట్టి నోరిప్పది. మనమే ఇప్పియ్యాలె. నడుమ మన కాళ్ల మట్టి కలిస్తె అది మన మాటే మనకు సెప్తది" అంది.

ఇంత జాగ్రత్త చూస్తే నాలాంటివాడికి ఏమనిపిస్తుంది? ఇంత నటన ఎందుకు, లోపల ఏదో లొసుగు ఉండబట్టే కదా అనిపించింది. చదువు రాని మనిషి, రోజుకు వందల బుడిపెలు, పదుల సీసాలు. తప్పు చేయకుండా ఎలా ఉంటుంది? చేసి దాస్తోందని నా గట్టి నమ్మకం. రెండో ఏడు ఒకరోజు ఆమెను పట్టిద్దామనుకున్నాను. సాయంత్రం ఆమె సీసాలు కట్టి వెళ్లాక, కల్చరు సీసా సుతిలి విప్పి జీలుగ సీసాకు కట్టాను, జీలుగది దీనికి కట్టాను. సుతిలిలో గుర్తు ముడులు అవే, సీసాలు మారాయి. పొద్దున్నే ఏమీ ఎరగనట్టు ల్యాబులో కూర్చుని హాజరు రాస్తున్నాను.

ఆమె వచ్చి మొదటి సీసా పట్టుకుంది. మూత కూడా తీయలేదు, ముడి మీదే చూపు ఆగింది. తర్వాత మూత తీసి, ఒక బుడిపెను అరచేతిలో వేసుకుని బొటనవేలితో దొర్లించింది. సోయా బుడిపె కొంచెం గట్టిగా గరుకుగా ఉంటుంది, జీలుగది నున్నగా ఉంటుంది. నేను పక్కపక్కన పెట్టి పట్టి పట్టి చూస్తే గానీ తేడా తెలిసేది కాదు. ఆమె ఒక్క దొర్లింపుకే రెండో సీసా తెచ్చుకుంది. రెండు సుతిళ్లూ విప్పి, మార్చి, మళ్లీ కట్టింది. ఎవరినీ పిలవలేదు, ఎవరికీ చెప్పలేదు. తొట్టిలో నీళ్లు నింపుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

"ఎలుకలకు ముడి విప్ప రాదు బిడ్డా. విప్పినా, కట్ట రాదు. సీసకు కట్టే నా ముడి ఎడమకు పడ్తది. గీ ముడి కుడికి పడ్డది."

నాకు తల కొట్టేసినట్టయింది. తల వంచుకుని హాజరు రాస్తూనే ఉన్నాను. ఆ రోజుతో ఆమె మీద నా అనుమానం పోయిందని చెప్పగలను. ఈ ఒక్క ముక్క చదివేవాళ్లు గుర్తుంచుకోవాలి. ఆమె సీసాలు కలపదని ఈ భూమ్మీద అందరికంటే బాగా తెలిసినవాడిని నేను.

మొదటి మూడేళ్లూ సాదా మడి సీసా ఖాళీ. రెండు ముడులు కట్టిన వట్టి సీసా అలాగే అల్మారాలో పెట్టేవాళ్లం. నాలుగో ఏడు అందులో ఏడో ఎనిమిదో బుడిపెలు పడ్డాయి. ఐదో ఏడు సీసా సగం నిండింది. గిల్లి చూస్తే లోపల ఎర్రగా ఉన్నాయి.

పెద్ద సారు వాటిలోని జీవిని గాజు పళ్లాల్లో పెంచాడు. ఇక్కడే చిక్కు వచ్చింది. మేం తెప్పించిన కల్చరు జీవి పళ్లెంలో వారం దాటితే గానీ కనబడదు, కనబడినా గసగసాలంత చుక్కలు. మన జీలుగలోని జీవి మూడు రోజులకే జిగురు జిగురుగా పాకం పోసినట్టు పళ్లెమంతా కమ్మేస్తుంది. సాదా మడి సోయా బుడిపెల నుంచి తీసినది మూడు రోజులకే పాకంలా పెరిగింది. అంటే అది మన జీవి. సోయా వేరు ముఖం ఎన్నడూ చూడని మన జీవి, సోయాలో చేరి బుడిపె కట్టి కూర్చుంది. పెద్ద సారు మళ్లీ చేశాడు, మళ్లీ అదే. మూడోసారి చేద్దామంటే అప్పటికి మడులు దున్ని చెరకు నాటేశారు. వేళ్లు లేవు, మొక్కలు లేవు.

పళ్లాలు కడిగేది ఆమే కాబట్టి, మాకంటే ముందే ఆమె చూసింది. పెద్ద సారు కుర్చీలో కూర్చుని నుదురు రుద్దుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది.

"సారు, గిది నీళ్లతోని వచ్చింది గాదు. నీళ్లతోని వస్తె కల్చరుదే వస్తుండె. గిది మన జీలుగ దాని బిడ్డనే. పని మాత్రం కల్చరు దాని పని చేస్తున్నది. ఐదేండ్లు ఒక్క మట్టిల పండుకున్నయి గద. గది గీనికేమో ఇచ్చింది."

"ఏమిచ్చిందమ్మా?"

"నాకేం ఎరుక. మా ఇంట్లకు మరాఠీ కోడలొచ్చింది, మా మరిది పెండ్లాం. రెండేండ్లకు మా అత్త మన పోలెలు ఇడిసి, వాళ్ల తీరు పూరన్‌పోళీలు జేసింది. మా అత్త అత్తనే, కోడలు కోడలే. చేతిల పని మాత్రం ఇటు మారింది. గట్లనేమో."

పెద్ద సారు నవ్వాడు గానీ, ఆ నవ్వులో విసుగుంది. "జీవికి పుట్టుకతో వచ్చిన గుణం పక్కదాన్ని చూసి రాదమ్మా. అది వంట కాదు" అన్నాడు. అప్పటి చదువులో ఆయన తప్పు కూడా లేదు.

ఆ ఏడే ఆమె పేరు పర్మినెంటు జాబితాలోకి ఎక్కింది. పదహారేళ్ల రోజుకూలీ తర్వాత ల్యాబ్ అటెండరు ఉద్యోగం. దరఖాస్తు మీద అంటించడానికి బోధన్‌లో ఫోటో దిగి వచ్చింది. ఫోటోగ్రాఫరును నమ్మక రెండుసార్లు తీయించుకుని, రెండిట్లోనూ తన ముఖం ఒకటేనా అని నన్నూ చౌకీదారునూ విడివిడిగా అడిగింది. కళ్లు పెద్దవి చేసి, కెమెరా మీద కూడా అనుమానం పడుతున్నట్టే ఉంది ఆ బొమ్మ. మొగుడు లేని మనిషి, చెరకు నరికే పనికి వెళ్తున్న కొడుకు. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది. ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, కానీ ఆ నెల రోజులూ సుతిలి ముడులు కట్టేటప్పుడు సన్నగా ఏదో పాడుకునేది. అంతకు ముందు ఆమె పాడగా నేను వినలేదు.

పెద్ద సారు నన్ను గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"చూడండి, పై ఆఫీసుకు ఫలితాలు పంపాలి. కల్చరు వేయని మడిలో బుడిపెలు వస్తే ఈ ఐదేళ్ల ప్రయోగమంతా వృథా. నాకు రెండే దారులు కనబడుతున్నాయి. చేలో నీళ్లో మట్టో కలిసి ఉండాలి, లేదా ల్యాబులో జీలుగ బుడిపెలు సోయా సీసాలో కలిసి ఉండాలి. చేను బాధ్యత మీది. సీసాల బాధ్యత ఆవిడది. ఏం జరిగిందో మీరే రాసి ఇవ్వండి" అన్నాడు.

మూడో దారి ఆమె చెప్పింది. అది ఆయన లెక్కలోనే లేదు. మొదట టెంపరరీగా చేరిన నాకు ప్రొబేషన్ ముగియడానికి ఇంకా రెండు నెలలుంది. పెళ్లి కుదిరి ఉంది. చేనులో తప్పు జరిగిందని రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది. చేనులో తప్పు లేదు, సీసాల్లోనూ లేదు అని రాస్తే ఇద్దరిలో ఎవరో అబద్ధం ఆడుతున్నారని ఆయన తేలుస్తాడు, ఆ ఇద్దరిలో ఒకడిని నేను. ఇవన్నీ అప్పుడు నాకు నేను చెప్పుకున్న మాటలు. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. ఇంగ్లిష్‌లో మూడు వరుసలు రాశాను. సీసాలకు చీటీలు లేవు, ముడులే గుర్తు. కట్టే కూలీకి చదువు రాదు. రెండు ముడుల సీసాలో జీలుగ బుడిపెలు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. కింద సంతకం పెట్టాను.

జాబితాలోంచి ఆమె పేరు పోయింది. పై నెల నుంచి పనికి కూడా రావద్దన్నారు. చీటీలు చదవగలిగే వాళ్లే కావాలన్నారు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ల్యాబులో మేమిద్దరమే ఉన్నాం. ఆమె తొట్టి కడుగుతోంది. నా ముందు బల్ల మీద ఆ కాగితం కార్బన్ కాపీ ఉంది, ఫైల్లో పెట్టాల్సింది. ఆమె తడి చేతులతోనే దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను సీసలు కలిపిన్నని రాసినవంట. ఖరే?"

"కాదక్కా" అన్నాను. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

"మరేం రాసినవో సదువు."

నేను కాగితం ఎత్తి పట్టుకుని చదివాను. సాదా మడికి నీళ్ల కాలువ వేరు, కల్చరు మడికి వేరు అని చదివాను. రెండు ముడుల సీసాలో ఉన్నవి సోయా బుడిపెలే అని చదివాను. పదహారేళ్లుగా సీసాలు కట్టే ఈ మనిషి ఒక్కనాడూ తప్పు ముడి వేయలేదని, కావాలని ముడులు మార్చినా పట్టుకుందని చదివాను. మన నేలలోని జీవికి కల్చరు జీవి దగ్గరి గుణమేదో అందిందని ఆమె అంటోందని, ఆ మాట పరీక్షించి చూడదగ్గదని చదివాను. చదువుతూంటే నేను నిజంగా అలాగే రాశాననిపించింది. గొంతు కూడా గట్టిపడింది. ఆమె కాగితం వైపే చూస్తూ నిలబడి పూర్తిగా విన్నది.

"గట్లనా" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మెడలోని సుతిలి తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

నమ్మింది అనుకున్నాను. నాకు అంతులేని నెమ్మది కలిగింది. ఆమెను పనిలోంచి తీసింది పెద్ద సారు, నేను మాత్రం ఆమె పక్షాన రాశాను, ఆమెకు అలాగే గుర్తుంటాను అని సంబరపడ్డాను. ఎదుటివాడి ప్రతి మాటనూ అనుమానించే నేను, ఆ "గట్లనా"ను మాత్రం ఎన్నడూ అనుమానించలేదు.

రెండేళ్ల తర్వాత బోధన్ అంగట్లో కనబడింది. చెరకు నరకడానికి పోతోందని చేతులు చూస్తేనే తెలిసింది. కూరగాయలామెతో మరాఠీలో బేరమాడుతూ నన్ను చూసి ఆగింది. "బాగున్నవా బిడ్డా? పర్మినెంటయినవంట గద" అంది. కొంగులోంచి ఉడకబెట్టిన పల్లీలు గుప్పెడు తీసి నా చేతిలో పోసింది. ఆ మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. దొరకలేదు. పల్లీలు తింటూ ఇంటికి వచ్చాను.

రిటైరయ్యాక ఒకసారి నిజామాబాద్‌లో రైతులకు శిక్షణ అంటే ఊసుపోక వెళ్లాను. ఒక చిన్న వయసు శాస్త్రవేత్త, అమ్మాయి, బోర్డు మీద వేరు బొమ్మ వేసి చెబుతోంది. వేళ్లలో ఉండే ఈ జీవులు తమ జన్యువుల్లో కొంత భాగం పక్కజీవికి అందించగలవట. బయటి నుంచి తెచ్చి వేసిన కల్చరులోని బుడిపె కట్టే జన్యువులు, నేలలో ముందునుంచే ఉన్న వేరే జీవుల్లోకి చేరడం చూశారట. అప్పటిదాకా ఆ పంటను ఎరగనివి కూడా దాని వేళ్లకు బుడిపెలు కడతాయట. నేను చేయెత్తాను.

"ఎన్నేళ్లు పడుతుందమ్మా?" అని అడిగాను.

"నేలను బట్టి ఉంటుంది సార్. కొన్ని పంటకాలాల్లోనే జరగొచ్చు" అంది.

భోజనం దాకా ఉండలేదు. బస్టాండుకు పోయి బోధన్ టిక్కెట్టు తీసుకున్నాను. ఆమె ఇంటికి వెళ్లి చెప్పాలి, అక్కా నువ్వన్నదే అయింది అని. బస్సు ఎడపల్లి దాటకముందే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మాట చెబితే ఆమె పాత సంగతంతా తవ్వుతుంది. నువ్వు రాసిన కాగితం మరి ఏమైంది, అందులో ఇదే ఉండె గద, ఎవరూ ఎందుకు పట్టించుకోలేదు అని అడుగుతుంది. ఇద్దరు ముగ్గురిని అడుగుతుంది. ఎడపల్లిలో దిగి, రోడ్డు దాటి, వెనక్కి వచ్చే బస్సెక్కాను. ఆమె అప్పటికి బతికే ఉంది. ఇంకో ఆరేళ్లు బతికింది.

ఇప్పుడు ఆమె కొడుకు నా ఎదురుగా, కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని తల వంచుకున్నాడు.

"అవ్వ ఒక మాట సెప్పి రమ్మన్నది సారు. తను పోయినంకనే సెప్పమన్నది. బతికుండంగ సెప్తె ఉరికొచ్చి ఏడుస్తడు, నాకెందుకు గా ఏడుపు అన్నది."

"ఏం మాట?"

"ఆఖరు దినం మీరు కాయితం సదివిన్రట గద. మస్తు సేపు సదివిన్రట. కాయితం మీద సూస్తె మూడే వరుసలుండెనట."

అతను మూడు వేళ్లు ఎత్తి చూపించాడు.

"గంతకు ముందు అవ్వ ఏమనుకున్నదంటె, మీకు తెల్వక రాసిన్రనుకున్నదట. పెద్ద సారు సెప్పింది నమ్మి రాసిన్రనుకున్నదట. మీరు సదివింది ఇన్నంకనే ఎరుకైందట, మీకు అంత తెల్సని. తెల్సే రాసిన్రని."

అతను తలెత్తి నా ముఖంలోకి చూశాడు.

"అవ్వకు అందరి మీద అనుమానమేనాయె సారు. నా మీద సుత ఉండె, నా పెండ్లాం మీద సుత ఉండె. మీ మీద సుత గట్లనే ఊకె అనుకున్నదో ఏమో. గందుకే అడుగుతున్న. నిజమేనా?"

అతని గొంతులో కోపం లేదు. పైగా నేను తప్పుకునేందుకు దారి అతనే తెరిచి పెట్టాడు. మీ అవ్వకు అనుమానం జర ఎక్కువనయ్యా అంటే చాలు, తలూపి చాయ్ తాగి వెళ్లిపోతాడు. ఆమె చెప్పినది కాదనడానికి ఆమె లేదు. పెద్ద సారు లేడు, ఫైలు లేదు.

"నిజమే" అన్నాను. "మీ అవ్వ సీసలు కలుపలే. కలుపలేదని నాకు ఎరుకే. ఎరుకుండే రాసిన."

అతను లేచి, మెట్ల మీద చెప్పులు వేసుకుని, గేటు తీసి, మళ్లీ గొళ్లెం పెట్టి వెళ్లిపోయాడు. మా ఆవిడ రెండు కప్పులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఎవరాయన? చాయ్ తాగకుండనే పాయె" అంది.

నలభై ఏళ్లలో ఈ సంగతి మా ఆవిడకు కూడా చెప్పలేదు. కూర్చోమన్నాను.